గట్టు మీద ఇల్లు

కేరళ కుట్టనాడులో పడవ పైన, పొలం కింద. కాలువలో పోతూ పక్కకు చూస్తే ముందు గట్టు, గట్టు మీద ఒకే వరుసలో ఇళ్ళు, కొబ్బరిచెట్లు. ఆ ఇళ్ళ పెరళ్ళు దాటగానే నేల ఒక్కసారిగా దిగిపోతుంది. అక్కడ వరిమడులు. మడిలో వంగి పనిచేస్తున్న మనిషి తల మన పాదాలకంటే దిగువన కనిపిస్తుంది. తూర్పు కొండల మీద కురిసిన వాననంతా పంబ, మణిమల, అచ్చన్‌కోవిల్, మీనచ్చిల్ నదులు ఇక్కడికే మోసుకొస్తాయి. వేంబనాడ్ కాయల్ అనే సరస్సులో కలిసి అరేబియా సముద్రంలోకి దారి చూసుకుంటాయి. ఆ నదులకూ సముద్రానికీ నడుమ, సముద్ర మట్టంకంటే 0.6 నుంచి 2.2 మీటర్ల దిగువన ఇక్కడివాళ్ళు తరతరాలుగా వరి పండిస్తున్నారు. ప్రపంచం కాపాడుకోవలసిన వ్యవసాయ వారసత్వాల్లో ఇదొకటని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో గుర్తించింది.

మాది కోనసీమ. కాలువలూ కొబ్బరితోటలూ వంతెన లేని రేవులూ చూస్తూ పెరిగినదాన్ని. కుట్టనాడు మొదటి చూపుకి మా వైపులాగే ఉంటుంది, లోపలి లెక్క మాత్రం పూర్తిగా తలకిందులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ మా తెలివంతా నీళ్ళను పొలానికి తెచ్చుకోవడంలోనే ఉంది. లాకులు ఎప్పుడు ఎత్తుతారు, వంతు ఎప్పుడు వస్తుంది, శివారు చేలదాకా తడి అందుతుందా అన్నవే మా రైతుల మాటలు. కుట్టనాడు రైతు తెలివంతా పొలంలోంచి నీళ్ళను బయటికి పంపడంలో ఉంది. మా నాన్న కాలువ ఎండితే నిద్రపోయేవాడు కాదు. నేను దిగిన ఇంటి పెద్దాయన మోటారు ఆగితే నిద్రపోడు.

ఈ ప్రాంతం చూడడానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా హౌస్‌బోటు ఎక్కుతారు. వాటికి మూలం కెట్టువళ్ళం అనే పాత సరుకు పడవ. ఆంజిలి కలప చెక్కల్ని మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టి కట్టేవారు. ధాన్యం, కొబ్బరి, మిరియాలు కొచ్చిదాకా వాటి మీదే వెళ్ళేవి. రోడ్లు పడ్డాక, లారీలు వచ్చాక వాటికి పని పోయింది. 1990ల మొదట్లో ఆ పడవల మీద గదులు కట్టి యాత్రికుల్ని తిప్పడం మొదలైంది. చక్కని పనివాళ్ళ చేతి పడవ కుళ్ళిపోకుండా మరో బతుకు దొరికించుకుంది, అందుకు నాకు సంతోషమే. అయితే హౌస్‌బోటు మనల్ని ఊళ్ళ పక్కనుంచి తీసుకుపోతుంది, ఊళ్ళోకి తీసుకుపోదు. రాత్రి ఏదో ఒక గట్టుకి కడతారు, పొద్దున్నే విప్పుతారు. ఆ గట్టు మీది ఇంట్లో ఎవరున్నారో, వాళ్ళు ఆ రాత్రి దేనికి మేలుకుని ఉన్నారో మనకి తెలియదు.

నాకు ఇంట్లో ఉండాలనిపించింది. కేరళలో హోమ్‌స్టేలను ప్రభుత్వ పర్యాటక శాఖ చూసి, డైమండ్, గోల్డ్, సిల్వర్ అని తరగతులు ఇస్తుంది. ఆ ఇంటివాళ్ళు అదే ఇంట్లో కాపురం ఉండాలన్నది ముఖ్యమైన షరతు. ఆ షరతు పెట్టినవాళ్ళెవరో గాని మంచి ఆలోచన చేశారు. కాపురం లేని ఇంట్లో గది అద్దెకి తీసుకుంటే అది లాడ్జీయే, చుట్టూ ఎన్ని కొబ్బరిచెట్లున్నా.

అలప్పుళ రేవులో ప్రభుత్వ జలరవాణా శాఖ బోటు ఎక్కాను. కైనకరి వైపు వెళ్ళే జనానికి అదే పల్లె వెలుగు బస్సు. చేపల తట్టలు, సిమెంటు బస్తా, యూనిఫారం పిల్లలు, ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్న ముసలాయన, అందరూ అందులోనే. సరంగు ముందు నిలబడి చక్రం తిప్పుతుంటాడు. బోటు ఒకసారి ఈ గట్టుకి, ఒకసారి ఆ గట్టుకి ఆనుతుంది. ఒడ్డుకి తగిలీ తగలకముందే ఎనభై ఏళ్ళ అవ్వలు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగిపోతారు. పున్నమడ కాయల్ దాటుతున్నప్పుడు పక్కనున్న అబ్బాయి, నెహ్రూ ట్రోఫీ పందెం ఇక్కడే అని చేత్తో చూపించాడు. 1952లో నెహ్రూ వచ్చి చుండన్ వళ్ళాల పందెం చూసి ముచ్చటపడ్డప్పటి నుంచి ఆ పందెం నడుస్తోంది. వందమందికి పైగా తెడ్లు వేసే ఆ పొడుగు పడవలు ఊరి ఉమ్మడి ఆస్తి అన్నాడు. ఆ మాట అప్పుడు విని వదిలేశాను. ఇక్కడ ఉమ్మడిగా ఉండేవి పడవలు మాత్రమే కావని తర్వాత చూశాను.

ఇంట్లో నలుగురు. పెద్దావిడను ఊరంతా అమ్మచ్చి అంటుంది, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ భర్త అప్పచ్చన్. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. కోడలు, ఆ అమ్మాయికి ఆరేళ్ళ పాప. కోడలు నర్సు, పెళ్ళికి ముందు కొన్నేళ్ళు హైదరాబాదు ఆసుపత్రిలో పనిచేసింది. మా ఇద్దరికీ మధ్య నడిచిన భాష ఆ వార్డుల్లో నేర్చుకున్న తెలుగే. "నిద్ర పట్టిందా అక్కా? నొప్పి ఏమైనా ఉందా? కొంచెం తినండి, మంచిది." మంచం మీదున్న మనిషిని అడగవలసిన మాటలన్నీ ఆ అమ్మాయికి వచ్చు. బజారు తెలుగు, పోట్లాట తెలుగు ఏమీ రావు. హైదరాబాదులో ఎంతమంది తెలుగువాళ్ళ జ్వరాల పక్కన ఇలాంటి మలయాళీ అమ్మాయిలు రాత్రుళ్ళు కూర్చున్నారో, వాళ్ళ ఊళ్ళు ఏమిటని ఎంతమందిమి అడిగామో!

అక్టోబరు చివరి రోజులవి. తులావర్షం కాలం. మధ్యాహ్నందాకా ఎండ, సాయంత్రానికి కొండల వైపునుంచి ఉరుములు. ఇంటి ముందు కాలువ, వెనక పొలం. నేను వెళ్ళేసరికి ఆ పొలం పొలంలా లేదు, అంచు కనపడనంత చెరువులా ఉంది. పుంచ అనే వరిపంటకి విత్తనాలు చల్లడానికి దానిని తోడుతున్నారు.

మొదటి పూట భోజనంలో నాకు కరిమీన్ చేప పెట్టారు. మసాలా పట్టించి అరటాకులో చుట్టి పెనం మీద కాల్చినది. రుచి గొప్పగా ఉంది. కాని నాకొక్కదానికే ఆకు వేశారు, వాళ్ళు వంటింట్లో తర్వాత తింటామన్నారు. మర్నాడు నేను పీట తీసుకుని వంటింట్లోకే వెళ్ళి, మీరు తినేదే నాకూ పెట్టమని కోడలితో చెప్పించాను. అమ్మచ్చి ఒక్క క్షణం నా మొహం చూసి, గంజి గిన్నె ముందుకి జరిపింది. ఎర్రబియ్యం గంజి, ఉడికించిన పెసలు, కొబ్బరి పచ్చడి, కాల్చిన అప్పడం. రాత్రికి కప్పదుంప, అంటే మన కర్రపెండలం, దానితో చిన్న చేపల పులుసు. పులుపుకి చింతపండు వాడరు. పొగలో ఎండబెట్టిన కుడంపుళి వేస్తారు. మట్టి కుండలో మర్నాటికి ఆ పులుసు ఇంకా బాగుంటుంది. చేపల పులుసు రాత్రి వండి పొద్దున తినాలని మా అమ్మమ్మ కూడా అనేది. ఆ మాట కోడలు మలయాళంలో చెప్పగానే అమ్మచ్చి నా విస్తట్లో మరో ముక్క వేసింది.

బియ్యం సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. కేరళ అన్నపాత్ర అని కుట్టనాడుకి పేరు. ఈ పొలాల్లో ఎక్కువగా పండే ఉమ అనే వంగడం ఇక్కడికి దగ్గరలోని మంగొంబు వరి పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. హరితవిప్లవ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ పూర్వీకులది కూడా ఆ మంగొంబే. అయినా రేవు దగ్గరి కొట్లో వరసగా పేర్చిన బస్తాలు మన జయ బియ్యానివి. దశాబ్దాలుగా తూర్పుగోదావరి మిల్లుల నుంచి ఈ బియ్యం కేరళకి వస్తోంది. మా వైపు ఉప్పుడు బియ్యం మిల్లులు నడిచేదే చాలావరకు వీళ్ళ అన్నం కోసం. మా ఊరి మిల్లు చిమ్నీ పొగ చిన్నప్పుడు రోజూ చూశాను. ఆ గింజ చివరికి ఏ కంచంలో పడుతుందో ఇక్కడ, ఆ కొట్లో నిలబడి చూశాను. ఎకరాకి ఎకరా నీళ్ళలోంచి పైకి తీసి వరి పండించే మనుషులకి, ఆనకట్ట కింద పండిన గింజ ఆసరా అవుతోంది.

రాత్రి పడుకున్నాక ఒక చప్పుడు వినిపించేది. దూరంగా, ఆగకుండా, కొంచెం బరువుగా. అది మోటారు. ఇక్కడివాళ్ళు పెట్టీ పరా అంటారు. నిలువుగా దించిన పెద్ద పీపాలాంటి గొట్టం లోపల రెక్కలు తిరుగుతూ నీటిని పైకి లాగుతాయి. ఆ నీళ్ళు గట్టులో అమర్చిన పొడవాటి చెక్కపెట్టె గుండా అవతలి కాలువలో పడతాయి. వెనక్కి రాకుండా పెట్టె చివర మూత ఉంటుంది. రోజుల తరబడి పగలూ రాత్రీ తోడితేనే పొలం అడుగు కనిపిస్తుంది. విత్తనం చల్లాక కూడా ఊటనీటినీ వాననీటినీ తోడుతూనే ఉండాలి, ఫిబ్రవరి, మార్చిల్లో కోతలయ్యేదాకా.

ఇక్కడ ఎవరి పొలం వాళ్ళు తోడుకోవడం కుదరదు. చుట్టూ ఒకే గట్టు ఉన్న పొలాలన్నీ కలిపి ఒక పాడశేఖరం. అందులో ఎకరం ఉన్నవాడూ పాతిక ఎకరాలు ఉన్నవాడూ ఒకే గట్టు లోపల ఉంటారు. విత్తనం ఒకే రోజుల్లో చల్లాలి, కోత ఒకే రోజుల్లో కోయాలి, మోటారు ఖర్చు పంచుకోవాలి. గట్టుకి ఎక్కడ గండి పడ్డా అందరి పంటా పోతుంది. మా వైపు ఇద్దరు రైతులకి పడకపోతే మధ్యలో గట్టు ఎత్తు చేసుకుని మాట్లాడుకోవడం మానేస్తారు. ఇక్కడ ఆ వీలు లేదు. అప్పచ్చన్‌కి పక్కింటాయనతో ఏదో పాత పొలం తగాదా ఉందని కోడలు చెప్పింది. ఆ తగాదాతోనే ఇద్దరూ ఒకే పడవలో వెళ్ళి గట్టు బలహీనపడ్డ చోట ఇసుక బస్తాలు వేసి వచ్చారు. పోయేటప్పుడూ మాటల్లేవు, వచ్చేటప్పుడూ మాటల్లేవు. బస్తాలు మాత్రం సరిగ్గా పడ్డాయి.

ఆ గట్లు ఎలా వచ్చాయన్నది ఈ అందం వెనకున్న అసలు కథ. కాయల్‌లో కొబ్బరి మొద్దులు వరసగా దిగ్గొట్టి, వెదురు తడికలు కట్టి, మధ్యలో ఇసుక, కొమ్మరెమ్మలు, బంకమట్టి నింపేవాళ్ళు. ఆ బంకమట్టిని మనుషులు నీళ్ళలో మునిగి కాయల్ అడుగునుంచి గడ్డలుగా తీసుకొచ్చేవాళ్ళు. తర్వాత లోపలి నీళ్ళు తోడడానికి పెద్ద చెక్క చక్రాల మీద కూర్చుని కాళ్ళతో తొక్కేవాళ్ళు. ఆవిరి ఇంజన్లు, కిరసనాయిలు ఇంజన్లు వచ్చేదాకా అదే పద్ధతి. 1940లలో, యుద్ధం వల్ల తిండిగింజలకి కటకట వచ్చిన కాలంలో, జోసెఫ్ మురిక్కన్ అనే భూస్వామి వేంబనాడ్‌లోంచి చిత్తిర, మార్తాండం, రాణి అనే మూడు పెద్ద కాయల్ పొలాలు పైకి తీశాడు. మూడింటికీ తిరువాంకూరు రాజకుటుంబం పేర్లే. మునిగి మట్టి తీసినవాళ్ళ పేరుతో మాత్రం ఒక్క మడి లేదు. వాళ్ళలో ఎక్కువమంది పులయులు, దళితులు. వాళ్ళు కట్టిన గట్టు మీద వాళ్ళకి ఇల్లు కట్టుకునే హక్కు కూడా లేని రోజులవి. కుట్టనాడులోనే తకళి గ్రామంలో పుట్టి, ఆ ఊరినే ఇంటిపేరులా మోసిన శివశంకర పిళ్ళై 1948లో 'రండిడంగళి' నవల రాసింది ఈ కూలీల గురించే. ఆ తర్వాత భూసంస్కరణలు వచ్చాయి, కాయల్ పొలాలు కొన్ని కూలీలకి పంచారు. కేరళ రాజకీయాలకి రంగు పోసిన పోరాటాల్లో కొన్ని ఈ బురదలోంచే లేచాయి.

ఆ ఇంటికి కల్లు తెచ్చే పెద్దాయన ఒకరోజు గట్టు మీద కూర్చుని వాళ్ళ తాత సంగతి చెప్పాడు. మట్టి కోసం మునిగీ మునిగీ ఆయన చెవులు వినపడకుండా పోయాయట. పిలిస్తే పలికేవాడు కాదట, భుజం మీద చెయ్యి వేస్తేనే తిరిగేవాడట. ఇది చెప్పి ఆ పెద్దాయన కాలితో గట్టుని రెండుసార్లు తొక్కి చూపించాడు, ఇది అదే అన్నట్టు. అప్పటినుంచి ఆ గట్టు మీద నడుస్తుంటే నాకు కొబ్బరిచెట్ల నీడ ఒక్కటే కనిపించలేదు. కేరళ అందాల పుస్తకాల్లో ఈ నీళ్ళూ ఈ పచ్చదనమూ దేవుడు పోసినట్టు రాస్తారు. దేవుడు పోసింది నీళ్ళు మాత్రమే. పచ్చదనాన్ని ఊపిరి బిగబట్టిన మనుషులు అడుగునుంచి తెచ్చారు, వాళ్ళ మనవలు ఈ రాత్రి కూడా తోడుతున్నారు. ఒక్క వారం అందరూ చేతులు ముడుచుకుని కూర్చుంటే ఇక్కడ చూడడానికి సరస్సు తప్ప ఏమీ మిగలదు.

గట్టు మీది ఇంట్లో కూర్చుంటే హౌస్‌బోట్లు మన ముందునుంచి పోతాయి. చూసేవాళ్ళు వాళ్ళు, కనిపించేవాళ్ళం మనం. అమ్మచ్చి రేవు మెట్ల మీద గిన్నెలు తోముతుండగా పడవ దగ్గరికొస్తే ఫోన్లు పైకి లేస్తాయి. ఆవిడ కోపగించుకోదు. తల తిప్పకుండా, తోముతున్న గిన్నె ఆపకుండా, నెమ్మదిగా వీపు అటు తిప్పి కూర్చుంటుంది. పడవ పోయాక మళ్ళీ కాలువ వైపు తిరుగుతుంది. రోజుకి ఎన్నిసార్లు ఆవిడ అలా తిరుగుతుందో చూశాక, దారిలో కనపడిన మనిషిని అడగకుండా ఫోటో తీయడం నేను పూర్తిగా మానేశాను.

అదే మెట్లు ఆవిడకి పంచాంగం కూడా. పొద్దున్న లేవగానే మొదట చేసే పని ఎన్నో మెట్టుదాకా నీళ్ళున్నాయో చూడడం. రాత్రి కొండల్లో వాన పడిందా, సముద్రం పోటు మీదుందా అన్నది ఆ మెట్టు చెబుతుంది. మెట్టు చూసి లోపలికొచ్చి భర్తకి ఒక్క మాట చెబుతుంది. ఆ మాటను బట్టి అప్పచ్చన్ టీ తాగి వెళ్తాడో, తాగకుండా వెళ్తాడో తేలుతుంది.

ఇన్ని నీళ్ళ మధ్య తాగే నీళ్ళు డబ్బాల్లో పడవ మీద వస్తాయి. కాలువ నీళ్ళు స్నానానికీ, గిన్నెలకీ. అవి కూడా కొన్ని నెలలు బాగుండవు. వేంబనాడ్‌కి అడ్డంగా తణ్ణీర్‌ముక్కం దగ్గర 1970లలో కట్టిన రెగ్యులేటరు ఉంది. పుంచ పైరుకి ఉప్పునీరు తగలకుండా ఎండాకాలంలో దాని తలుపులు వేస్తారు. పైరు బతుకుతుంది. కాని పోటూ పాటూ ఆగిపోయి నీళ్ళు కదలవు, పొలాల ఎరువులూ పురుగుమందులూ హౌస్‌బోట్ల డీజిలూ అక్కడే నిలిచిపోతాయి, గుర్రపుడెక్క పెరిగి కాలువలు పూడుకుపోతాయి. ఉప్పూ తీపీ కలిసిన నీళ్ళలో బతికే రొయ్య, చేప, నల్లగుల్ల తగ్గిపోతాయి. తలుపులు వేసి ఉంచమని రైతు, తెరవమని జాలరి. అప్పచ్చన్ రైతు. ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు, రోజూ సాయంత్రం అరుగు మీదికి వచ్చే మనిషి, చేపలు పట్టేవాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఇదే వాదన వాదించుకుంటున్నారు. ఇద్దరూ చెప్పేది నిజమే. వేంబనాడ్‌కీ మన కొల్లేరుకీ అంతర్జాతీయ చిత్తడి నేలలుగా రామ్‌సర్ గుర్తింపు 2002లోనే వచ్చింది. సరస్సు బతకాలి, దాని మీద బతికేవాళ్ళూ బతకాలి అన్న రెండు న్యాయాల మధ్య పేచీ అక్కడా తెగలేదు, ఇక్కడా తెగలేదు.

ముందుగది గోడ మీద, నా భుజం ఎత్తున, సున్నం కింద ఒక గోధుమరంగు గీత కనిపిస్తుంది. 2018 ఆగస్టు వరదది. ఆ ఏడు జూలైలోనే ఊరు ఒకసారి మునిగింది, తేరుకుంటుండగా ఆగస్టులో ఇంకా పెద్దది వచ్చింది. నదులన్నీ ఒకేసారి దిగాయి. అలప్పుళ–చంగనాశ్శేరి రోడ్డు నీళ్ళ కిందికి వెళ్ళింది. కుట్టనాడు దాదాపు మొత్తం ఖాళీ చేశారు. జనాన్ని పడవల్లో, టిప్పర్ లారీల్లో చంగనాశ్శేరి వైపు దాటించారు. చంటిపాపని తలమీద ప్లాస్టిక్ తొట్టిలో పెట్టుకుని తన భర్త ఆ గదిలోంచే నడిచి బయటికి వచ్చాడని కోడలు చెప్పింది, గీత మీద వేలు పెట్టి చూపిస్తూ. తిరిగొచ్చేసరికి వంటింట్లో మోకాలెత్తు బురద. ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చి ఇళ్ళు కడిగి పెట్టారు, వాళ్ళ పేర్లు కూడా తెలియవట. మా గోదావరి 1986లో వచ్చినప్పుడు మా అమ్మమ్మ ఇంటి డాబా మీద లంకవాళ్ళు రోజుల తరబడి ఉన్నారు. ఉమ్మడి కుండలో అన్నం వండుకున్నామని అమ్మ చెప్పేది. నేను అది చెబితే అమ్మచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "పశువుల్ని ఎక్కడ కట్టారు?" వరద తెలిసిన మనిషి మాత్రమే అడిగే ప్రశ్న అది.

డబ్బిచ్చి ఉన్న చోట దొరికేదాన్ని ఆతిథ్యం అనవచ్చా అని నన్ను కొందరు అడిగారు. నా మటుకు నాకు ఆ డబ్బు అడ్డం రాలేదు. అది ఉండబట్టే నేను తలెత్తుకుని ఆ వంటింట్లో పీట వేసుకోగలిగాను. వాళ్ళ లెక్క నాకు తెలుసు, దాపరికం లేదు. అమ్మిన ధాన్యం డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో పాప ఫీజు, గట్టు వాటా, అమ్మచ్చి బీపీ మందులు ఈ గది అద్దెలోంచే వెళ్తాయి. చుట్టం ఊరికే వచ్చి కూర్చుంటే ఆ ఇంటి నెల తప్పుతుంది. నా బాకీ గదికీ భోజనానికీ తీరింది. ఏ మెట్టు మునిగితే భయపడాలో, మోటారు చప్పుడు ఎలా మారితే బెల్టు జారినట్టో, ఏ ఇంటివాళ్ళు వలస పోవాలనుకుంటున్నారో, ఇవి చెప్పినందుకు మాత్రం ఆ ఇంట్లో ధర లేదు. ఒక ఊరు నాకు తెలుసని చెప్పుకోవాలంటే ఆ ఊరి వంటలు చెప్పగలిగితే సరిపోదని నా నమ్మకం. అది రాత్రిపూట దేనికి ఉలిక్కిపడి లేస్తుందో తెలియాలి. ఆ ఉలికిపాటును ఇంటివాళ్ళు పరాయి మనిషికి చూపించడం చాలా పెద్ద నమ్మకం. యాత్రికుల ముందు నవ్వుమొహం పెట్టడం దానికన్నా ఎంతో తేలిక.

ఒక తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది, ఎందుకో మొదట తెలియలేదు. చప్పుడు ఆగిపోయింది. నేను లేచి తలుపు తీసేసరికే అప్పచ్చన్ టార్చిలైటుతో పెరటి పడవలో ఉన్నాడు. గట్టు పొడవునా ఇళ్ళ ముందు లైట్లు వెలుగుతున్నాయి, మాటలు వినిపిస్తున్నాయి. కరెంటు పోయిందట, మోటారుకి ఏమీ కాలేదు. అది తిరిగి వచ్చేదాకా ఆ వరుసలో ఎవరూ మళ్ళీ పడుకోలేదు. మోటారు అందుకున్నాక కోడలు నాకు టీ ఇచ్చి, "ఇప్పుడు పడుకోండి అక్కా" అంది. ఆ మాట ఆ అమ్మాయి నోట చాలాసార్లు విన్నాను, ఈసారి మాత్రం తనకు తాను చెప్పుకున్నట్టుంది.

ఆ వంటింటి గూట్లో మసాలా డబ్బాల పక్కన ఇంగ్లీషు పరీక్ష పుస్తకాలున్నాయి. విదేశాల్లో నర్సు ఉద్యోగానికి ఆ పరీక్ష గట్టెక్కాలి. రాత్రి పాప పడుకున్నాక ఆ అమ్మాయి చదువుకుంటుంది. ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పెద్ద మాట ఇదే. 2018 తర్వాత ఈ చుట్టుపక్కల కొన్ని ఇళ్ళు స్తంభాల మీద కట్టారు, పాతవి కొన్నింటిని జాకీలతో నాలుగడుగులు పైకి లేపారు. కొందరు తాళం వేసి చంగనాశ్శేరి వైపు మెరక నేలకి వెళ్ళిపోయారు. ఇల్లు లేపిద్దామని అప్పచ్చన్ అంటాడు. మెరకన నాలుగు సెంట్లు కొనుక్కుందామని గల్ఫ్ నుంచి కొడుకు అంటాడు. వెళ్ళిపోయిన ఇంటివాళ్ళ గట్టు ఎవరు చూస్తారని పాడశేఖరం మీటింగులో పక్కింటాయన లేచి అడిగాడట. తగాదా ఉన్నా ఆ మాట నిజమేనని అప్పచ్చన్ ఒప్పుకున్నాడు. ఆరుగురి వాటా నలుగురు మోస్తే ఎన్నాళ్ళు మోస్తారు?

నేను బయలుదేరేనాటికి వెనకనున్న చెరువు తగ్గి మట్టి కనిపిస్తోంది, కొంగలు దిగాయి, బాతుల మందని తోలుకుని ఒకాయన పడవలో వచ్చాడు. కోడలిని అడిగాను, పరీక్ష పాసై వెళ్తే మళ్ళీ వస్తావా అని. "మొదటి జీతం ఇల్లు లేపడానికే పంపిస్తాను అక్కా" అంది. "తర్వాత సంగతి తర్వాత. పైకి లేపితే మామయ్య ఇక్కడే ఉంటారు. మామయ్య ఉంటే మోటారు తిరుగుతుంది." బోటు కూత వినిపించింది. పాప నా సంచి మోస్తానని పట్టుపట్టి రేవుదాకా ఈడ్చుకొచ్చింది. వచ్చే ఏడు కోతలప్పుడు రమ్మని, అప్పుడైతే కొత్తబియ్యం గంజి పెడతానని అమ్మచ్చి చెప్పింది. కోనసీమ నుంచి కుడంపుళి లాంటిదేమైనా తెస్తావా అని అడిగింది. పనస తాండ్ర తెస్తానన్నాను.